మెయిన్ బేరింగులు మారుస్తున్నారా? ముందు గ్యాప్ కొలవండి

ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్‌ని మోసే మెయిన్ బేరింగులు కొత్తవి తెచ్చాం కదా అని నేరుగా బిగించేయకండి. ఆయిల్ గ్యాప్ (బేరింగ్‌కీ షాఫ్ట్‌కీ మధ్య నూనె నిలిచే సందు) సరిగ్గా లేకపోతే ఖర్చంతా వృథా.

ప్లాస్టిగేజ్ అని సన్నటి మైనపు దారం లాంటిది దొరుకుతుంది. ఇంజన్ బ్లాకు తలకిందులుగా ఉండగా, నూనె తుడిచేసిన జర్నల్ (షాఫ్ట్ మీద బేరింగ్‌లో తిరిగే నున్నటి భాగం) మీద షాఫ్ట్ పొడవునా చిన్న ముక్క పెట్టండి. క్యాప్‌ని (బేరింగ్ మీద బోల్టులతో బిగించే మూత) మాన్యువల్లో ఉన్న టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించి, మళ్లీ విప్పండి. ఈలోగా క్రాంక్‌ని కొంచెం కూడా తిప్పకూడదు. తిప్పితే దారం సాగిపోయి కొలత తప్పుతుంది. నలిగిన దారం వెడల్పును ప్లాస్టిగేజ్ కవర్ మీది స్కేలుతో పోల్చితే గ్యాప్ తెలుస్తుంది. చాలా కార్లలో అది 0.02 నుంచి 0.05 మి.మీ. దగ్గర ఉంటుంది, కానీ మీ ఇంజన్ మాన్యువల్లో ఉన్నదే లెక్క. ఎక్కువ వస్తే జర్నల్ అరిగిందేమో మైక్రోమీటర్‌తో చూడాలి. అరిగితే గ్రైండింగ్ చేయించి 0.25 మి.మీ. అండర్‌సైజ్ బేరింగులు (సన్నబడిన జర్నల్‌కి సరిపోయేవి) వేయాల్సి రావచ్చు.

నేను మరీ మరీ చెప్పేది ఒకటుంది. షెల్ (బేరింగ్ సగం ముక్క) వెనక వైపు నూనె రాయకండి. అక్కడ పొడిగా, దుమ్ము లేకుండా ఉండాలి. చిన్న ఇసుక రేణువు ఇరుక్కున్నా షెల్ అక్కడ ఉబ్బి జర్నల్‌ని తినేస్తుంది. నూనె లోపలి వైపుకే, అదీ దారం పూర్తిగా తుడిచేశాక, ఆఖరి ఫిట్టింగ్‌లో. నూనె రంధ్రం ఉన్న షెల్ బ్లాకు వైపు రావాలి.

క్యాపుల నంబర్లు, బాణం గుర్తులు విప్పేముందే ఫోటో తీసుకోండి. ఒకదాని చోట ఇంకొకటి అస్సలు వేయకూడదు. ఒక్కో క్యాప్ బిగించాక క్రాంక్‌ని చేత్తో తిప్పి చూడండి. పట్టేసినట్టుంటే అక్కడే ఆగి విప్పండి.