ముందు దొంగ రిఫరెన్సును పట్టించండి

కాలేజీ లైబ్రరీలో రిఫరెన్సులు రాయడం నేర్పే క్లాసును ఏపీఏ స్టైల్‌లో కామా ఎక్కడ, ఫుల్‌స్టాప్ ఎక్కడ అంటూ మొదలుపెడితే, పది నిమిషాల్లో సగం మంది ఫోన్లలో ఉంటారు. ఆ ఫోన్లకే పని చెప్పండి.

ఒక్కో బల్లకి ఆరు చీటీలు ఇవ్వండి. నాలుగింటి మీద అసలు రిఫరెన్సులు, రెండింటి మీద చాట్‌జీపీటీ చేత అల్లించినవి. రచయిత, సంవత్సరం, పేజీలు, అన్నీ నిజంలాగే ఉంటాయి. వ్యాసానికి గుర్తింపుగా ఇచ్చే, 10తో మొదలయ్యే డీఓఐ నంబరును డీఓఐ డాట్ ఆర్గ్‌లో కొట్టి చూడమనండి. దొంగదైతే ఏమీ దొరకదు, లేదా సంబంధం లేని ఇంకో వ్యాసం తెరుచుకుంటుంది. క్లాసంతా ఒక్కసారి గొల్లుమంటుంది. సంపుటి, సంచిక, పేజీ నంబర్లు ఎందుకు రాస్తామో అప్పుడు విడిగా చెప్పక్కర్లేదు. కామాల గొడవ రిఫరెన్సులను తనే అమర్చిపెట్టే జోటెరో సాఫ్ట్‌వేర్‌కి వదిలేయండి, ఉచితమే.

పీహెచ్‌డీ వాళ్లుంటే కాపీ రాతల మీద యూజీసీ 2018 నిబంధనలు కూడా చెప్పండి: థీసిస్‌లో ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటి 40 లోపుంటే 6 నెలల్లోగా సరిచేసి మళ్లీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఇది మాత్రం చివర్లోనే. ముందే చెబితే క్లాసు కాస్తా పోలీస్ స్టేషన్‌లా తయారవుతుంది.