అమ్మ కీమో గోలీల చిట్టా

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాను నేను. ఎవరి బస్తాలు ఎన్ని, తూకం ఎంత, రేటు ఎంత, పొద్దంతా రాసేది ఇదే. మొన్న ఎండకాలం అమ్మకు పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయినంక కీమో అంటే సెలైన్ ఒక్కటే అనుకున్నం. కాదట. సెలైన్ 3 వారాలకు ఒకసారి, గోలీలు మాత్రం ఇంట్లో మేమే వెయ్యాలె అన్నరు. సెలైన్ ఎక్కేటప్పుడు పక్కన నర్సు ఉంటది. గోలీలకు నర్సు ఎవరు? నేనే.

గోలీ అంటే మనకు జ్వరం గోలీ లెక్కనే కనబడుతది. అమ్మకు రాసిన ఈ కేపసైటాబిన్ గోలీ అట్ల కాదు. ఒంట్లోకి పోయినంక 5-ఎఫ్‌యూ అనే మందుగా మారుతది. అది ఎన్నో ఏండ్ల నుంచి సెలైన్‌లో ఎక్కిస్తున్న కీమో మందే. నోట్లో వేసుకున్నంత మాత్రాన దాని పవర్ తగ్గదు. కింద రాసేది అమ్మ మందు సంగతి. క్యాన్సర్‌ను బట్టి, పక్కన ఇచ్చే మందును బట్టి డోసు మారుతది కాబట్టి మీ డాక్టర్ వేరే చెప్తే వాళ్ళ మాటే వినండి.

మొదలు చీటీ. "1500 ఎంజీ, బీడీ, 14 రోజులు" అని ఉంది. నేను పైకి చదువుతుంటే, ముప్పై ఏండ్లు బీడీలు చుట్టిన మా అమ్మ "బీడీలు బంద్ జేసి ఆరేండ్లాయె, మల్ల బీడీలేంది కొడుకా" అన్నది. చీటీలో బీడీ అంటే రోజుకు రెండుసార్లు. అంటే పొద్దున 1500, రాత్రి 1500, రోజుకు 3000. ఇది పూట లెక్కనా, రోజు లెక్కనా అని డాక్టర్ నోటితోనే చెప్పించుకుని, వాళ్ళ ముందే రాసుకోండి. సిగ్గుపడొద్దు. నేను రెండుసార్లు అడిగిన.

ఈ 1500 ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అడిగిన. లెక్కలు రాసేటోనికి అది తెలియకుంటే నిద్ర పట్టదు. అమ్మ ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 54 కిలోలు. రెండూ గుణిస్తే 8100. దాన్ని 3600తో భాగిస్తే 2.25. దానికి వర్గమూలం తీస్తే 1.5. అదీ అమ్మ ఒంటి వైశాల్యం, చదరపు మీటర్లలో. సెలైన్‌తో కలిపి ఇచ్చేటప్పుడు చదరపు మీటరుకు పూటకు 1000 మిల్లీగ్రాములు లెక్క కడుతరు, గోలీలు ఒక్కటే అయితే 1250 దాకా పోతరు. కిడ్నీ పనితనం తక్కువుంటే తగ్గిస్తరు, అందుకే క్రియాటినిన్ పరీక్ష. మనం డోసు మార్చుకోవడానికి కాదు ఈ లెక్క. కాగితం మీద ఎత్తు, బరువు తప్పు పడితే పట్టుకోవడానికి. పోయిన ప్రతిసారీ బరువు తూయించండి, చేతిలో సంచి పక్కన పెట్టించి మరీ. అమ్మకు సంచి లేకుంటే నడక రాదు.

ఇగ అసలు ముచ్చట. ఈ గోలీలు రెండు సైజులు: 500 ఒకటి, 150 ఒకటి. అమ్మకు మొదట 500వి మూడు, పొద్దున మూడు, రాత్రి మూడు. ఇంట్లో అందరం "మూడు గోలీలు" అనుకోవడం మొదలుపెట్టినం. ఆ మాటే తర్వాత కొంప ముంచబోయింది. చిట్టాలో గోలీల సంఖ్య ఒక్కటే రాయకండి. "500 మూడు, మొత్తం 1500" అని రాయండి, ప్రతి పూటా. స్ట్రిప్పు మీద మందు పేరు, పక్కన అంకె చదివినంకనే గోలీ తియ్యండి. ఈసారి తెచ్చిన కంపెనీ వేరేదైతే రంగు, ఆకారం మారిపోతయి, వాటిని నమ్ముకోవద్దు.

14 రోజులు వేసి 7 రోజులు ఆపాలె. ఆ ఏడు రోజుల్లో పేగుల లోపలి పొర, రక్తకణాలు కోలుకుంటయి. అమ్మకు సెలైన్ ఎక్కిన రోజు రాత్రి మొదలుపెట్టమన్నరు. అట్లయితే 15వ రోజు పొద్దున ఆఖరి పూట వస్తది. 28 పూటలు, 84 గోలీలు, అంటే పది గోలీల స్ట్రిప్పులు ఎనిమిది, పైన నాలుగు. నేను మొదటి వారమే తప్పిన. సెలైన్ రోజు పొద్దున కూడా ఒక గడి గీసుకున్న. ఆఖరికి చూస్తే గడులు 29, గోలీలు 84. గోలీలు తక్కువిచ్చిన్రని మందుల కిటికీ దగ్గర లొల్లి పెట్టబోయి, చిట్టా తిరగేస్తే తప్పు నాదే. తిథులుండే గోడ క్యాలెండర్ మీద వేసే పూటలకు ఎర్ర పెన్సిల్, ఆపే వారానికి ఏమీ గీయకుండా వదిలేయండి. ఏ పూటది ఆ పూటే కొట్టివేయాలె, రేపు రాద్దాం అనొద్దు.

పూటకూ పూటకూ మధ్య 12 గంటలు. అన్నం తిన్నంక అరగంట లోపల, మామూలు నీళ్ళతో. మా ఇంట్లో ఎనిమిది, ఎనిమిది. మొదటి శనివారం పొద్దుమీకి చూస్తే అమ్మ ఏమీ తినలే. శనివారం ఒక్కపొద్దు. "దేవుని పేరు మీద ఉన్న, గోలీ ఏసుకుంట తియ్యి" అన్నది. కడుపు ఖాళీగా వేసుకోవద్దు అంటే ఒప్పుకోలే. చివరికి ఇద్దరం క్యాలెండర్ ముందు కూసున్నం. మూడు వారాలకు ఒక శనివారం ఎట్లనో ఆపే వారంలో పడుతది. ఆ ఒక్క శనివారమే ఒక్కపొద్దు, మిగతా రెండూ దేవునికి బాకీ అన్నది. సరే, బాకీ.

పూట తప్పితే ఏం చెయ్యాలె? నేను సికింద్రాబాద్ పెండ్లికి పోయిన రాత్రి గోలీలు వెయ్యడం మర్చిపోయింది ఇంట్లో. పొద్దున అమ్మ ఆరు చేతిలో పట్టుకుని నిలబడ్డది. వద్దు. తప్పిన పూట తప్పినట్టే. తర్వాతి పూటకు మామూలు డోసే, జోడించొద్దు. వేసుకున్నంక కక్కుకున్నా మళ్ళ వెయ్యొద్దు, ఫోన్ చేసి చెప్పాలె. తప్పిన వాటి కోసం 14 రోజులను 15 చెయ్యొద్దు. మార్కెట్లో బాకీ తర్వాత కట్టొచ్చు, ఈ చిట్టాలో అట్లాంటి వరుస లేదు.

సెలైన్‌లో ఇచ్చే ఆక్సాలిప్లాటిన్ వల్ల చల్లటిది తాకితే వేళ్ళు తిమ్మిరెక్కుతయి, గొంతు పట్టేసినట్టు అయితది. వరంగల్ ఎండల్లో, మే నెలల కుండనీళ్ళు కూడా లేకుండా ఉన్నది అమ్మ. ఆ కష్టం గోలీలది కాదు గనుక దాన్ని ఇక్కడికే వదిలేస్తున్న.

గోలీలు పట్టేది అరచేతులను, అరికాళ్ళను. మొదట మంట, ఎర్రగావడం, తర్వాత తోలు ఊడటం, పొక్కులు. పొద్దున గోలీకి ముందు చేతులు చూడాలె అని చెప్పిన్రు, రోజూ చూసిన. 14 రోజులు వేసి 7 రోజులు ఆపే మూడు వారాలను ఒక సైకిల్ అంటరు. మూడో సైకిల్‌కు ఆషాఢం వచ్చింది. చెల్లె గోరింటాకు నూరి తెచ్చి అమ్మకు రెండు అరచేతులా పెట్టింది. ఎర్రగా పండింది, అందరం సంబురపడ్డం. ఆ ఎరుపు కింద ఇంకో ఎరుపు మొదలైతే నాకెట్ల కనబడుతది? అమ్మ కూడా చెప్పలే, గోరింటాకు మంట అనుకున్నదట. ఐదో రోజు చాయ గిలాస పట్టలేక కింద వదిలేసింది. చూస్తే పొక్కులు. ఎరుపు కనబడకున్నా నొప్పి అడగాలె అని నాకు అప్పుడు తెలిసింది: పిడికిలి బిగించమనాలె, చెప్పులేసి నాలుగడుగులు నడవమనాలె. పని చేసుకోలేనంత నొప్పి అయితే గోలీలు ఆపి అదే రోజు ఫోన్ చెయ్యాలె. ఈ మందు నడుస్తున్నంత కాలం గోరింటాకు మా ఇంట్లో బంద్. వేడినీళ్ళ గిన్నెలు తోమడం, బిగుతు చెప్పులు కూడా బంద్. డాక్టర్ రాసిన యూరియా క్రీం రోజూ పూసినం.

గోలీలు ఆపి, చేతులు మానినంక డోసు నాలుగింట మూడు వంతులు చేసిన్రు. 1500లో ముప్పావు 1125, దగ్గరి గోలీలతో 1150: 500వి రెండు, 150ది ఒకటి. ఆపిన రోజుల గోలీలు మళ్ళ వెయ్యలే. ఇగ "మూడు గోలీలు" అనే మాట ఇక్కడ ఎట్ల కాటు వేయబోయిందో చూడండి. 150వి కొనడానికి ఒక మందుల షాపుకు పోతే, "150 లేవన్నా, 500 తీస్కపో, అదే మందు" అని స్ట్రిప్పు కట్టిచ్చిండు. ఇంట్లో అమ్మకు అవి మూడే గోలీలు, నిన్నటి లెక్కనే. చిట్టాలో "మొత్తం 1150" అని రాసి, స్ట్రిప్పు మీద అంకెలు కూడితే 1500 వచ్చింది. తిరిగి ఇచ్చేసి వచ్చిన. డోసు మారిన రోజే పాత గోలీలు, పాత చీటీ వేరే డబ్బాలో పెట్టి పైన పట్టీ అతికించండి.

విరేచనాల లెక్క ఇంకో తలనొప్పి. అడిగితే "రెండో మూడో" అంటది, కొడుకుకు చెప్పాలంటే సిగ్గు. బాత్రూం తలుపు వెనక చాక్‌పీస్ కట్టిన. మార్కెట్లో బస్తాలు లెక్కపెట్టినట్టు నాలుగు గీతలు నిలువు, ఐదోది అడ్డం. బీడీ కట్టలు లెక్కపెట్టిన చెయ్యి గదా, గీతలు చక్కగా పడ్డయి. మామూలుకన్నా రోజుకు నాలుగు ఎక్కువైనా, రాత్రి లేవాల్సి వచ్చినా గోలీలు ఆపి ఫోన్ చెయ్యాలె. నోట్లో పుండ్లు వచ్చి తినలేకున్నా, వాంతులు ఆగకున్నా అంతే. జ్వరం 100.4 దాటితే రాత్రి అయినా సరే దవాఖానకు పోవాలె. తెల్లకణాలు పడిపోయినప్పుడు వచ్చే జ్వరం ప్రాణం మీదికి తెస్తది, తెల్లారేదాకా ఆగొద్దు. థర్మామీటర్ పెట్టకముందే జ్వరం గోలీ వేస్తే ఆ సంగతే బయటపడదు. ఛాతీ నొప్పి వస్తే ఇంకొక గోలీ కూడా వెయ్యకుండా పొండి. కొందరికి ఈ మందును విరగ్గొట్టే ఎంజైము పుట్టుకతోనే తక్కువ ఉంటది, వాళ్ళకు మొదటి సైకిల్‌లోనే గట్టిగా తగులుతది. అందుకే మొదటి రెండు వారాలు నేను సెలవు పెట్టిన.

సుట్టాలు తెచ్చే బలం గోలీలు చూడండి. మా ఊరి ఆర్ఎంపీ ఇచ్చిన దాంట్లో ఫోలిక్ యాసిడ్ ఉండె. అది ఈ మందు విషాన్ని పెంచుతది. రక్తం పలచబడే వార్ఫరిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ ఉంటే ముందే చెప్పాలె. గ్యాస్ మందు సంగతి కూడా అడగాలె. అన్ని స్ట్రిప్పులూ ఒక సంచిలో వేసుకుపోయి బల్ల మీద గుమ్మరించండి, అంతకంటే సులువు లేదు.

గోలీలు విరగ్గొట్టొద్దు, నూరొద్దు. గ్లౌజులు వేసుకుని, లేదా ఒక చిన్న మూతలోకి తీసి దాంట్ల నుంచి నేరుగా అమ్మ చేతిలో వెయ్యాలె, తర్వాత చేతులు కడగాలె. కడుపుతో ఉన్న చెల్లెను ముట్టనియ్యలే.

ఒకటి మాత్రం ఎవరూ ముందు చెప్పలే. తోలు ఊడిన వేళ్ళకు గీతలు అరిగిపోతయి. బీడీ పింఛన్ కోసం మిషన్ మీద వేలు పెడితే నాలుగుసార్లు పడలే. డాక్టర్ దగ్గర ఒక లెటర్ ముందే రాయించుకుని పెట్టుకోండి.

ఎనిమిదో సైకిల్ ముగిసేటప్పటికి మార్కెట్‌కు పత్తి రావడం మొదలైంది. చిట్టా ప్రకారం 500వి ఆరు మిగిలినయి, దవాఖాన మందుల కిటికీలో ఇచ్చేద్దామని సంచిలో వేసుకుని వచ్చిన. నర్సంపేట దిక్కు నుంచి పత్తి తెచ్చే రైతు చూసిండు. "అన్నా, మా నాయినకు గదే మందు. అవి ఇయ్యరాదె" అన్నడు. పూటకు ఎంత అని అడిగితే "మూడు గోలీలు" అన్నడు. పత్తి తూకం ఇంకొకరికి అప్పజెప్పి, ఇంట్లో ఉన్న చీటీ, స్ట్రిప్పు రెండూ ఫోటో తీసి పంపమని వాళ్ళ అక్కకు ఫోన్ చేయించిన. "ఏ మూడు?" అని.