హెడ్‌ఫోన్‌లో గొంతు ఆలస్యంగా వినిపిస్తుంటే

ఇంట్లో పాట రికార్డ్ చేస్తుంటే నా గొంతు నాకే కాస్త వెనకగా వినిపించింది. అలా వినిపిస్తే తాళం నిలవదు, తెలియకుండానే పాట నెమ్మదిస్తుంది. మైకు, కేబుల్ మార్చి చూసినా అదే తీరు. అసలు సంగతి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోని బఫర్ సైజులో ఉంది, అంటే కంప్యూటర్ ఒక్కోసారి పోగుచేసుకుని పని చేసే ధ్వని ముక్క ఎంత పెద్దదో అది. నా దగ్గర అది 1024 శాంపిళ్లు (ధ్వని కొలతలు), ప్రాజెక్ట్ 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48,000 శాంపిళ్లు). అంటే గొంతు లోపలికి వెళ్లడానికే సుమారు 21 మిల్లీసెకన్లు, బయటికి రావడానికి మళ్లీ అంతే. 128కి తగ్గించాను. ఒక్కో వైపు 3 మిల్లీసెకన్లు కూడా పట్టలేదు, పాట తాళంలో పడింది.

మధ్యాహ్నం అరేంజ్‌మెంట్‌కి కూర్చుని వయొలిన్లు, రివర్బ్ (గదిలో మోగినట్టు వినిపించే ఎఫెక్ట్) కలపగానే చిటపటలు మొదలయ్యాయి. చిన్న బఫర్‌తో ప్రాసెసర్‌కి ఊపిరాడదు. మిక్సింగ్‌లో ఆలస్యం పట్టింపు లేదు కాబట్టి మళ్లీ 1024 పెట్టేశాను. తర్వాత రెండో గొంతు పాడాల్సి వచ్చింది. అలాగే 128కి దిగితే మళ్లీ చిటపటలే, అందుకని అప్పటిదాకా చేసిన వాద్యాలన్నీ ఒకే స్టీరియో ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, కొత్త ప్రాజెక్ట్‌లో 128తో దాని మీదే పాడాను. ఇది నాకు బాగా నచ్చిన పద్ధతి.

మైకును కంప్యూటర్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్‌కి డైరెక్ట్ మానిటరింగ్ ఉంటే ఇంకా హాయి, గొంతు కంప్యూటర్ చుట్టూ తిరగకుండానే చెవికి చేరుతుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ మానిటరింగ్ ఆపేయాలి. లేకపోతే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది.