ఫ్లాట్ బాడీ బండికి లోకల్ లోడ్లు: పట్టుడు, కట్టుడు, దించుడు

మొన్నటిదాక క్లీనర్‌గా ఉండి ఇప్పుడిప్పుడే స్టీరింగ్ పట్టిన తమ్ముళ్ల కోసం రాస్తున్న ఇది. నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, షాద్‌నగర్ దిక్కు సైడు డోర్లు లేని ఫ్లాట్ బాడీ నడిపేటోళ్ల పని దూరం బండోళ్ల లెక్క ఉండదు. దూరం బండోడు ఒక్కసారి లోడు కట్టుకుంటే మూడు దినాలు అదే కట్టు మీద పోతడు, మనకేమో పొద్దుగాల రాడ్లు, మధ్యాహ్నం సిమెంటు, రాత్రికి ఎవలో ఫోన్ జేసి కోత మిషన్ ఎక్కియ్యాలె అంటరు, లోడు మారినప్పుడల్లా కట్టుడు మారుతది. ఎక్కిచ్చుడు హమాలోళ్లు చేస్తరు గానీ కట్టుడు డ్రైవర్ పనే, దాన్ని ఇంకొకరి మీద వదిలెయ్యకు. మన బండికి పక్కల గోడలు లేవు, తాడు, గొలుసు, బెల్టు ఇవే మన గోడలు.

ముందు బరువు సంగతి. ఆర్‌సీ తీసి చూస్తే ఖాళీ బండి బరువు, లోడుతోని మొత్తం ఎంత ఉండొచ్చో రెండూ రాసి ఉంటయి. 2018ల రూలు మారినంక ఆరు టైర్ల బండికి మొత్తం బరువు 16.2 టన్నులకెళ్లి 18.5 టన్నులకు పెంచిన్రు గానీ, పాత బండి అయితే నీ ఆర్‌సీల ఏం రాసుందో అదే చూస్కో. మొత్తం 18.5 ఉండి ఖాళీ బండి 6.5 ఉంటే నువ్వు ఎక్కిచ్చుకునేది 12 టన్నులు, సిమెంటు అయితే 50 కిలోల బస్తాలు 240, అంతే. షావుకారి "ఇంకో నలభై బస్తాలు ఏసుకో అన్నా, దగ్గరనే గద" అంటడు. ఆ నలభై బస్తాలు 2 టన్నులు. పట్టుకుంటే ఓవర్‌లోడుకు 20 వేలు, ఎక్కువున్న ప్రతి టన్నుకు ఇంకో 2 వేలు, అంటే 24 వేలు, పైన ఎక్కువున్న మాలు అక్కడనే దింపుకోవాలె, దింపిన కూలి కూడా నీదే. ఆ కిరాయి ఎంతొస్తదో ఈ లెక్క ఎంతయితదో నువ్వే చూస్కో. మాలు ఎక్కంగనే దగ్గర ఉన్న కాంటా మీదకు తోలు, చిట్టీ తీసుకో, ఆ చిట్టీ దించేదాక జేబులనే ఉండాలె.

ఇగ రాడ్లు. షాద్‌నగర్, కొత్తూరు దిక్కు ఫ్యాక్టరీలకెళ్లి వచ్చే లోడ్లల్ల ఎక్కువ భయపడాల్సింది దీనికే అని నేనంట. రాడ్ 12 మీటర్లు ఉంటది, అంటే దగ్గర దగ్గర 40 అడుగులు, మన బాడీ 20 నుంచి 22 అడుగులు. అందుకే మనకు మధ్యల వంచిన రాడ్లే పట్టాలె, సీదా రాడ్లు ట్రైలర్ బండ్లకు పోవాలె. కొందరు సీదా రాడ్లే ఏసుకుని వెనక అడుగులకు అడుగులు బయటికి వదిలి కొసకు ఎర్ర బట్ట కట్టి రాత్రి పూట పోతుంటరు. వెనకకెళ్లి బైకు మీద వచ్చే పిల్లగానికి ఆ బట్ట కనపడదు, రాడ్ కొస అసలే కనపడదు. లోడు బాడీ దాటి బయటికి వస్తే దానికి వేరే 20 వేల ఫైన్ ఉంది, ఫైన్ సంగతి పక్కన పెట్టు, ఒక మనిషి పోతే ఎవలం ఏం చేస్తం. వద్దంటే వద్దని చెప్పు, ఆ కిరాయి పోనీ.

రాడ్ ఎంత బరువు ఉందో కాంటా దాక పోకముందే అంచనా కట్టొచ్చు. ఎన్ని ఎంఎం రాడో ఆ నంబరును అదే నంబరుతోని గుణించి 162తోని భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తది. 16 ఎంఎం అయితే 256ని 162తోని భాగించు, 1.58 కిలోలు, 12 మీటర్ల రాడ్ ఒక్కటి 19 కిలోల దాక అయితది. రాడ్లు లెక్కపెట్టి గుణించుకుంటే సరి.

కట్టేటప్పుడు ఇనుము మీద ఇనుము జారుతది అన్నది మర్చిపోకు. బాడీ ఇనుప రేకుదైతే కింద అడ్డంగ చెక్కలు పరువు, పాత టైరు ముక్కలు ఉంటే ఇంకా మంచిది. కట్టలు ముందు గోడకు ఆనేదాక జరిపియ్యాలె, మధ్యల సందు ఉండొద్దు, సందు ఉంటే బ్రేకు కొట్టినప్పుడు కట్టలు ఉరికొచ్చి క్యాబిన్‌ల దూసుకుపోతయి. అమెరికాల లోడు కట్టే రూలు ఏందంటే గట్టి బ్రేకు పడ్డా లోడు బరువుల 80 శాతం ముందుకు తోసే జోరును, పక్కకు 50 శాతం జోరును కట్టు ఆపాలె. మన రోడ్డు మీద కూడా బ్రేకు బ్రేకే, 10 టన్నుల రాడ్లు అంటే 8 టన్నుల తోపు, దాన్ని నైలాన్ తాడు ఆపదు. గొలుసులే ఏయాలె, ముందు రెండు, వెనక రెండు అడ్డంగ, ఇంకా జారకుండ కత్తెర లెక్క రెండు. మెయిన్ రోడ్డు ఎక్కి పది పదిహేను కిలోమీటర్లు పోయినంక పక్కకు ఆపి మళ్ల బిగియ్యి, ఎందుకంటే ఊగుడుకు లోడు సర్దుకుంటది, కట్టు వదులయితది. ఇది చాయ్ తాగే ముంగట చేసే పని, తాగినంక కాదు.

సిమెంటు అట్ల కాదు, హుజూర్‌నగర్, మేళ్లచెరువు, వాడపల్లి దిక్కు ఫ్యాక్టరీలల్ల పేర్చేటోళ్లకు అలవాటు ఉంటది. నువ్వు చూసేది రెండే, బస్తాలు ఒకదాని మీద ఒకటి సీదా కాకుండ ఇటుక గోడ కట్టినట్టు అడ్డం నిలువు మార్చి పేర్చిన్రా, పట్టా సరిగ్గ కప్పిన్రా. రెండు పట్టాలు వాడితే వెనకది ముందు ఏసి దాని మీదకు ముందటి పట్టా రావాలె, లేకపోతే గాలి లోపటికి దూరి లేపుతది. ఎండాకాలమే గద అని పట్టా లేకుండ పోకు, ఏప్రిల్‌ల మబ్బు ఎప్పుడు పడుతదో తెల్వదు, తడిసిన బస్తాకు పైసలు నీ కిరాయిలకెళ్లే కోస్తరు.

వడ్ల సీజన్‌ల మన దిక్కు బండ్లన్నీ ఐకేపీ సెంటర్ల (ఊళ్లల్ల వడ్లు కొనే సెంటర్లు) చుట్టే తిరుగుతయి. బస్తా 40 కిలోలు, 25 బస్తాలకు టన్ను, సంచి బరువు వేరే. ఇక్కడ కట్టుడు కన్న ఆగుడు కష్టం, మిర్యాలగూడ మిల్లుల కాడ బండ్ల లైను కట్టి దించుకునేటందుకు రెండు మూడు దినాలు కూడా పడుతది. అందుకే హాల్టింగ్ పైసలు ముందే మాట్లాడుకో, ఎన్ని గంటలు దాటినంక దినానికి ఎంత అని ఫోన్‌ల మెసేజ్ పెట్టించుకో, నోటి మాట మిల్లు గేటు కాడ పనికిరాదు. సెంటర్ల లోడుతోని ఇచ్చే కాగితం, అదే ట్రక్ షీట్, దాంట్ల బస్తాల లెక్క నువ్వు లెక్కపెట్టిన దానితోని కలవాలె, కలవకపోతే సెంటర్ దాటకు.

కోత మిషన్ లోడు వస్తే పైసలు మంచిగనే ఉంటయి గానీ జర నిదానం కావాలె. సాగర్ ఎడమ కాల్వ కింద కోతలు మొదలయితే చైన్ మిషన్లు (టైర్లకు బదులు చైన్ మీద నడిచే కోత మిషన్లు) ఊరూరు తిరుగుతయి. ఎక్కియ్యడానికి ఊళ్లె మట్టి దిబ్బ చూస్తరు, బండి వెనకను దిబ్బకు ఆనించి, హ్యాండ్ బ్రేక్ ఏసి, టైర్లకు రెండు దిక్కుల రాళ్లు పెట్టినంకనే మిషన్ ఎక్కనియ్యి. ముందు ఉండే కోత పలక ఊడదీసి వేరేగ పెడితేనే వెడల్పు సరిపోతది. ఎక్కినంక నాలుగు మూలల గొలుసులు కట్టు, మిషన్ మీద ఎవలను కూసోనియ్యకు, ఎంత బతిమాలినా సరే. తర్వాత టేపు తీసి నేల కాడికెళ్లి మిషన్ నెత్తి దాక కొలువు. రోడ్డు దాటే 11 కేవీ వైర్లు 20 అడుగుల ఎత్తున ఉండాలె అని రూలు, కానీ ఊళ్లల్ల పొలాల పక్క వైర్లు ఎంత కిందికి వేలాడుతయో నీకు నాకు ఎరుకే. కొత్త దారి అయితే పగలే పో, క్లీనర్‌ను దించి ముందు నడువమను, కర్రతోని వైరు లేపుడు మాత్రం ఎన్నడూ చెయ్యనియ్యకు, పచ్చి కర్రకు కరెంట్ వస్తది, ఎండిన కర్రను నమ్మొద్దు. లైన్‌మన్‌కు ఫోన్ చేసి సప్లై బంద్ చేయిస్తే గంట లేటు అయితది, కానీయి.

కరెంట్ పోల్స్ అడుగుతరు, 8 మీటర్ల పోల్ అంటే 26 అడుగులు, 22 అడుగుల బాడీకి అది పట్టదు. సిమెంటు పైపులైతే ప్రతి పైపుకు రెండు దిక్కుల చెక్క గుట్టాలు కొట్టియ్యి, గుండ్రటి మాలును తాడు ఒక్కటే ఆపదు.

కాగితాల సంగతి తక్కువల చెప్త. మాలు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు ఉండాలె, అండ్ల నీ బండి నంబరు ఒక్క అక్షరం తప్పున్నా గేటు కాడనే మార్పించు. 200 కిలోమీటర్లకు ఒక దినం గడువు, లోకల్‌కు సరిపోతది, బండి ఆగిపోయి గడువు దాటేటట్టు ఉంటే అయిపోయే టైముకు ముందు 8 గంటలు, తర్వాత 8 గంటలల్ల పొడిగించుకోవచ్చు, మాలు పంపినోనికి వెంటనే ఫోన్ కొట్టు. కిరాయి చెప్పేటప్పుడు పంతంగి, కొర్లపహాడ్, రాయకల్ టోల్‌లు కలిపి చెప్పు, 24 గంటలల్ల తిరిగొస్తే రెండు దిక్కులకు కలిపి ఒకటిన్నర రెట్లే పడుతది. హైదరాబాద్ లోపటికైతే పెద్ద బండ్లకు నో ఎంట్రీ టైములు ఉంటయి, ఎన్నింటికి ఎక్కిస్తరో దాన్ని బట్టే ఒప్పుకో.

దించేటప్పుడు కట్టు ఒక్కసారే విప్పకు. ముందుగాల బండి చుట్టూ తిరిగి లోడు ఏ దిక్కు వాలిందో చూడు, వాలిన దిక్కు నిలబడకుండ అవతలకెళ్లి విప్పు, హమాలోళ్లను కూడా ఆ పక్క ఉండనియ్యకు. గొలుసులు, బెల్టులు, చెక్కలు లెక్కపెట్టి తీసుకో, సైటు మీద వదిలిన బెల్టు మళ్ల దొరకదు. బిల్టీ (లోడు రసీదు) మీద దించుకున్నోని సంతకం, దించిన టైము రెండూ రాయించుకో, సంచి చినిగితే చినిగిందని అక్కడనే రాయమను, ఫోటో తీసి ఓనర్‌కు పంపినంకనే బండి తియ్యి.