అఫెన్సివ్ లైన్ కూలిపోతోందా? ఎక్కడ పగిలిందో చూశాకే చెక్కు రాయండి

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో టీమ్ చిత్తుగా ఓడిన మర్నాడు అభిమానులందరి నోటా ఒకటే మాట: "లైన్ మొత్తం మార్చేయాలి." మార్చాల్సిందే కావచ్చు. కానీ బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని కాచే ఈ ఐదుగురిలో ఎవరిని తీసేయాలి, కొత్తవాణ్ణి ఎక్కడి నుంచి తేవాలి అన్న దగ్గరే జనరల్ మేనేజర్లు కోట్లు తగలేసుకుంటారు. డాబా మీద నీళ్లు నిలిచేది ఒకచోట, గదిలో కారేది ఇంకోచోట. లైన్ సంగతీ అంతే. లెఫ్ట్ ట్యాకిల్ తేలిపోయినట్టు కనిపించిన ఆటలో అసలు తప్పు సెంటర్‌ది కావచ్చు, బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్‌ది కావచ్చు, బంతి వదలకుండా నిలబడ్డ క్వార్టర్‌బ్యాక్‌దీ కావచ్చు.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. మధ్యలో వంగి బంతిని వెనక్కి అందించేవాడు (ఆ అందింపే స్నాప్) సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డులు, చివర్లలో ట్యాకిళ్లు. కుడిచేత్తో విసిరే క్వార్టర్‌బ్యాక్‌కి వీపు వైపు కాపలా ఉండేది లెఫ్ట్ ట్యాకిల్. అందుకే ఆ స్థానానికి అంత గిరాకీ. మనుషుల్ని తెచ్చుకోవడానికి మార్చిలో ఫ్రీ ఏజెన్సీ (ఒప్పందం ముగిసినవాళ్ల మార్కెట్), ఏప్రిల్ చివర్లో డ్రాఫ్ట్ (కాలేజీ కుర్రాళ్లని టీములు వరసగా ఎంచుకునేది, ఒక్కో ఎంపిక ఒక పిక్), మధ్యమధ్యలో ట్రేడ్‌లు (టీముల మధ్య మార్పిడి) ఉంటాయి. ఈ మూడు చోట్లా దొరికే సరుకు ఒకటి కాదు.

లక్షణం: శాక్‌లు లెక్కకు మించి పడుతున్నాయి

బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొడితే శాక్. ముందు ఆ అంకెను పక్కన పెట్టండి. 2021 ఫిబ్రవరిలో జరిగిన 55వ సూపర్ బౌల్‌లో, అంటే లీగ్ ఫైనల్‌లో, కాన్సాస్ సిటీ చీఫ్స్ 31-9తో టాంపా బే చేతిలో ఓడింది. ఆ రోజు చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్ శాక్ అయింది మూడుసార్లే. ఒత్తిడిలో పడింది మాత్రం 29 సార్లు, సూపర్ బౌల్‌లో అప్పటిదాకా ఎవరూ చూడనంత. ఇక్కడ సోమవారం తెల్లవారుజామున లేచి చూసినవాళ్లకు ఆ దృశ్యం గుర్తుండే ఉంటుంది: నాలుగో డౌన్‌లో (చివరి ప్రయత్నంలో) పరిగెత్తి పరిగెత్తి, కిందపడిపోతూ, ఒళ్లు నేలకి సమాంతరంగా గాల్లో ఉండగా మహోమ్స్ విసిరిన బంతి ఎండ్ జోన్ (గీత దాటి పాయింట్లొచ్చే చోటు) దాకా వెళ్లి డారెల్ విలియమ్స్ హెల్మెట్ ముందు భాగానికి తగిలి పడిపోయింది. స్కోరు పట్టికలో అది మామూలు ఇన్‌కంప్లీట్ పాస్. శాక్ కాదు.

కాబట్టి రీప్లే చూస్తూ ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకోండి. స్నాప్ అయినప్పుడు మొదలుపెట్టి, మొదటి డిఫెండర్ క్వార్టర్‌బ్యాక్ చేతికి అందేంత దూరానికి వచ్చినప్పుడు ఆపండి. రెండున్నర సెకన్లలోపే వచ్చేస్తుంటే తప్పు లైన్‌ది. మూడు సెకన్లు దాటినా పాకెట్ (క్వార్టర్‌బ్యాక్ చుట్టూ లైన్ కాచే చోటు) నిలబడి ఉండి, బంతి ఇంకా చేతిలోనే ఉంటే, మీరు కొత్త గార్డుని కొన్నా ఒరిగేదేమీ లేదు. ఇక ఎవరూ ముట్టుకోకుండా రషర్ (క్వార్టర్‌బ్యాక్ మీదికి ఉరికే డిఫెండర్) నేరుగా వచ్చేశాడంటే అది మూడో రకం. దాని సంగతి కింద చెప్తాను.

చాలా టీముల్లో మొదటి రెండూ కలిసే ఉంటాయి. 2024లో షికాగో బేర్స్ కొత్త క్వార్టర్‌బ్యాక్ కేలబ్ విలియమ్స్ 68 సార్లు శాక్ అయ్యాడు. లైన్ బలహీనమే. కానీ అతను బంతి పట్టుకుని తిరగడమూ అంతే నిజం. బేర్స్ రెండు వైపులా మరమ్మతు చేసింది. కోచ్‌గా బెన్ జాన్సన్‌ని తెచ్చింది. లైన్ మధ్యలో ముగ్గుర్నీ మార్చేసింది: చీఫ్స్ నుంచి జో తూనీని, రామ్స్ నుంచి జోనా జాక్సన్‌ని ట్రేడ్‌లో, ఫాల్కన్స్ సెంటర్ డ్రూ డాల్మన్‌ని మూడేళ్లకు 4.2 కోట్ల డాలర్లిచ్చి ఫ్రీ ఏజెన్సీలో. 2023 డ్రాఫ్ట్‌లో పదో పిక్‌తో తీసుకున్న రైట్ ట్యాకిల్ డార్నెల్ రైట్‌ని కదపలేదు. 2025లో విలియమ్స్ శాక్‌లు 24కి దిగాయి. అందులో లైన్ వాటా ఎంత, కోచ్ వాటా ఎంత అని విడదీయడం ఎవరి తరమూ కాదు. విడదీయాల్సిన పనీ లేదు.

లక్షణం: పాకెట్ మధ్యలోంచి క్వార్టర్‌బ్యాక్ ఒళ్లోకి తోసుకొస్తోంది

కారణం గార్డులు, సెంటర్. అంచు నుంచి వచ్చేవాణ్ణి చూసి క్వార్టర్‌బ్యాక్ ఒక అడుగు ముందుకేసి తప్పించుకోగలడు. మధ్యలో దారి మూసుకుపోతే ఆ అడుగు వేయడానికి చోటుండదు. అయితే బాగుచేయడానికి ఇదే తేలిక. డబ్బుతో కొనగలిగింది ఇక్కడే.

ఎందుకంటే ఫ్రాంచైజ్ ట్యాగ్ (ఒప్పందం ముగిసినవాణ్ణి నిర్ణీత జీతానికి ఇంకో ఏడాది ఆపుకునే హక్కు) మొత్తాన్ని లెక్కగట్టేటప్పుడు లీగ్ ట్యాకిళ్లనీ గార్డులనీ సెంటర్లనీ విడదీయదు. అందరూ "అఫెన్సివ్ లైన్" అనే ఒకే ఖాతా. ట్యాకిళ్ల జీతాలే ఆ సగటుని పైకి లాగుతాయి. అంటే సెంటర్‌ని ట్యాగ్ చేయాలంటే ట్యాకిల్ ధర కట్టాలి. డ్రాఫ్ట్ మొదటి రౌండ్ ఆటగాళ్ల ఒప్పందాన్ని టీమ్ ఇంకో ఏడాది పొడిగించుకునే ఐదో ఏడాది ఆప్షన్‌దీ ఇదే తంతు. బాల్టిమోర్ రేవెన్స్ తమ మేటి సెంటర్ టైలర్ లిండర్‌బామ్‌కి 2025లో ఆ ఆప్షన్ వాడకుండా వదిలేసింది ఈ లెక్క వల్లే. ఫలితంగా మంచి గార్డులు, సెంటర్లు మార్చిలో మార్కెట్‌కి వస్తారు. మంచి ట్యాకిళ్లు రారు.

2021లో చీఫ్స్ చేసింది చూడండి. పేట్రియట్స్ గార్డు తూనీకి ఐదేళ్లకు 8 కోట్ల డాలర్లిచ్చి లెఫ్ట్ గార్డుగా తెచ్చింది. కొవిడ్ దెబ్బకు శాలరీ క్యాప్ (టీమ్ జీతాల గరిష్ఠ పరిమితి) 19.82 కోట్ల డాలర్ల నుంచి 18.25 కోట్లకు పడిపోయిన ఏడాది అది. మిగతా టీములు జేబులు తడుముకుంటున్న సమయంలో వీళ్లు ఖర్చుపెట్టారు. డ్రాఫ్ట్ రెండో రౌండ్‌లో 63వ పిక్‌తో ఓక్లహోమా సెంటర్ క్రీడ్ హంఫ్రీ దొరికాడు. ఎడమచేత్తో స్నాప్ చేస్తాడు. ఆరో రౌండ్‌లో, 226వ పిక్ దగ్గర, టెనెసీ గార్డు ట్రే స్మిత్. కాలేజీలో ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉందని అన్ని టీములూ అతన్ని దాటేసుకుంటూ పోయాయి. ఇద్దరూ మొదటి ఏడాదే మొదటి ఆట నుంచీ బరిలో ఉన్నారు. రెండేళ్లు తిరిగేసరికి 57వ సూపర్ బౌల్‌లో, ఆ సీజన్‌లో 70 శాక్‌లు కొట్టిన ఫిలడెల్ఫియా ఈగల్స్‌ మహోమ్స్‌ని ఒక్కసారీ పడగొట్టలేకపోయింది. చీఫ్స్ 38-35తో గెలిచింది.

లక్షణం: అంచులు తెగిపోతున్నాయి

అసలు తలనొప్పి ఇది. అంచు నుంచి దూసుకొచ్చే ఎడ్జ్ రషర్ మొదటి మూడడుగుల్లోనే ట్యాకిల్ భుజం దాటేస్తున్నాడు. సాయం కోసం, లైన్ చివర నిలబడి పాస్‌లూ అందుకునే టైట్ ఎండ్‌ని అక్కడే నిలబెట్టాల్సి వస్తోంది, దాంతో పాస్ అందుకోవడానికి ఒక మనిషి తగ్గుతున్నాడు.

గాయం వల్లా, సత్తా లేకా అన్నది ముందు తేల్చుకోవాలి. 55వ సూపర్ బౌల్‌కి చీఫ్స్ ట్యాకిళ్లిద్దరూ లేరు. ఎరిక్ ఫిషర్‌కి అంతకుముందు ఆటలోనే మడమ దగ్గర అకిలీస్ స్నాయువు తెగింది. మిచెల్ ష్వార్ట్జ్ నడుం నొప్పితో అక్టోబర్ నుంచే బయట. గార్డు, డాక్టర్ కూడా అయిన లోరాన్ డువెర్నే-తార్డిఫ్ కొవిడ్ సేవకని ఆ సీజన్ మొత్తం మానేశాడు. కుడివైపు ఆడే మైక్ రెమ్మర్స్‌ని ఎడమకి, గార్డు ఆండ్రూ వైలీని కుడి చివరికి జరిపారు. ఒకణ్ణి జరిపితే రెండు చోట్లు బలహీనమవుతాయి. ఇది గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఇది గాయాల కథేలే, వాళ్లు కోలుకుంటే సరిపోతుంది అనుకోవడం తేలిక. చీఫ్స్ అలా అనుకోలేదు. మార్చిలో ఒకే రోజు ఇద్దర్నీ విడుదల చేసింది. వయసు, గాయం, జీతం, మూడూ ఒకేవైపు చూపించాయి. ఫ్రీ ఏజెన్సీలో నాణ్యమైన లెఫ్ట్ ట్యాకిల్ దొరకనప్పుడు రేవెన్స్ నుంచి ఓర్లాండో బ్రౌన్ జూనియర్‌ని ట్రేడ్‌లో తెచ్చింది. మొదటి రౌండ్ పిక్, దానితో పాటు మూడు, నాలుగో రౌండ్లవీ, మరుసటి ఏడాది ఐదో రౌండ్‌దీ ఇచ్చి, బ్రౌన్‌తో పాటు ఒక రెండో రౌండ్ పిక్, ఒక ఆరో రౌండ్ పిక్ వెనక్కి తీసుకుంది. 2021 సీజన్ మొదటి ఆటకి లైన్‌లో ఐదుగురూ కొత్తవాళ్లే.

కానీ ట్రేడ్‌లో వచ్చిన ట్యాకిల్ చౌకలో ఉండిపోడు. 2022లో బ్రౌన్ దీర్ఘకాల ఒప్పందం వద్దని ట్యాగ్ మీద ఆడి, 2023లో బెంగాల్స్‌కి వెళ్లిపోయాడు. అక్కణ్ణుంచి చీఫ్స్ ఏటా ఒక లెఫ్ట్ ట్యాకిల్‌ని వెతుక్కుంటూనే వచ్చింది. జాక్సన్‌విల్ నుంచి జవాన్ టేలర్‌కి నాలుగేళ్లకు 8 కోట్ల డాలర్లు పోసింది. ఆడింది కుడివైపు. ఆ ఏడాది లీగ్‌లో అందరికన్నా ఎక్కువ పెనాల్టీలు తెచ్చిపెట్టినవాడూ అతనే. ఎడమవైపుకి డోనవన్ స్మిత్‌ని ఒక్క ఏడాదికి తెచ్చి సర్దుకుంది. కప్పు గెలిచింది కాబట్టి ఎవరూ అడగలేదు.

2024లో బిల్లు వచ్చింది. రెండో రౌండ్ కుర్రాడు కింగ్స్‌లీ సువామాటాయాని నేరుగా లెఫ్ట్ ట్యాకిల్‌గా దింపితే, రెండో ఆటలో బెంగాల్స్ ఎడ్జ్ రషర్ ట్రే హెండ్రిక్సన్ అతనితో ఆడుకున్నాడు. కుర్రాణ్ణి బెంచికి పంపారు. తర్వాత వాన్యా మోరిస్. ఆ తర్వాత సీజన్ మధ్యలో తెచ్చిన డి.జె. హంఫ్రీస్, మొదటి ఆటలోనే తొడ కండరం పట్టేసింది. చివరికి లీగ్‌లోనే మేటి గార్డు అయిన తూనీని లెఫ్ట్ ట్యాకిల్‌కి జరిపారు. అతను పరువు నిలబెట్టాడు గానీ, అతని గార్డు స్థానం ఖాళీ అయింది. 59వ సూపర్ బౌల్‌లో ఈగల్స్ ఒక్క బ్లిట్జ్ (అదనపు రషర్లని ఉరికించడం) కూడా పంపకుండా, నలుగురు రషర్లతోనే ఆరు శాక్‌లు కొట్టింది. చీఫ్స్ 40-22తో ఓడింది.

పరిష్కారం చెప్పడం తేలిక, ఓపిక పట్టడం కష్టం: ట్యాకిల్‌ని అవసరం రాకముందే డ్రాఫ్ట్ చేసుకోవాలి. మొదటి రౌండ్‌లో అయితే మేలు. కింది రౌండ్లలో తీసుకుంటే సమయం ఇవ్వాలి. ఈగల్స్ 2018లో ఏడో రౌండ్‌లో జోర్డన్ మైలాటా అనే ఆస్ట్రేలియా రగ్బీ ఆటగాణ్ణి తీసుకుంది. అతను అప్పటిదాకా అమెరికన్ ఫుట్‌బాల్ ఆడనే లేదు. లైన్ కోచ్ జెఫ్ స్టౌట్‌లండ్ చేతిలో పెట్టి, రెండేళ్లు ఆటలోకి దించలేదు. 2020లో దించింది. మీ కోచ్ అలాంటివాడు కాకపోతే ఈ జూదం ఆడకండి.

చీఫ్స్ కూడా చివరికి ఈ దారికే వచ్చింది. 2025లో 32వ పిక్‌తో ఓహైయో స్టేట్ ట్యాకిల్ జోష్ సిమన్స్‌ని తీసుకుంది. మోకాలి గాయం లేకపోతే అతను అంతదాకా మిగిలేవాడు కాదు. ఇక సువామాటాయాని వదిలేయకుండా లెఫ్ట్ గార్డుకి జరిపింది. అంచున తేలిపోయిన భారీ మనిషి లోపల పనికొస్తాడు. న్యూయార్క్ జెట్స్‌లో మొదటి రౌండ్ ట్యాకిల్‌గా నిలదొక్కుకోలేని మెఖై బెక్టన్‌ని ఈగల్స్ ఏడాది ఒప్పందంతో తెచ్చి రైట్ గార్డుగా ఆడించింది, అదే 59వ సూపర్ బౌల్‌లో. ట్యాకిల్‌ని లోపలికి జరపడం చాలాసార్లు ఫలిస్తుంది. గార్డుని బయటికి జరపడం తప్పనిసరైతేనే.

లక్షణం: ఎవరూ ముట్టుకోకుండానే రషర్ వచ్చేస్తున్నాడు

ఇది కొనుగోలుతో తీరేది కాదు. డిఫెండర్లిద్దరు ఒకరి వెనక ఒకరు దారి మార్చుకునే స్టంట్‌ని గార్డు, ట్యాకిల్ ఒకే క్షణంలో గుర్తుపట్టి మనుషుల్ని మార్చుకోవాలి. స్నాప్‌కి ముందు ఎవరు ఎవర్ని పట్టుకోవాలో సెంటర్ అరిచి చెప్పాలి, రన్నింగ్ బ్యాక్ మిగిలినవాణ్ణి అందుకోవాలి. పక్కపక్కన ఆడగా ఆడగా వచ్చే సంగతి ఇది. అక్టోబర్ దాకా ఆగండి. అప్పటికీ అదే వరసైతే సెంటర్‌ని మార్చండి, గార్డుని కాదు.

లక్షణం: సెప్టెంబర్‌లో గోడలా ఉంది, జనవరిలో కుప్పకూలింది

సిన్సినాటి బెంగాల్స్ 56వ సూపర్ బౌల్‌లో క్వార్టర్‌బ్యాక్ జో బరో ఏడు శాక్‌లు తిని 23-20తో ఓడాక, మార్చిలో దుమ్ము దులిపింది. అలెక్స్ కాపా, టెడ్ కారస్, లాయెల్ కాలిన్స్, ముగ్గురూ బయటివాళ్లే. సీజన్ సాగేకొద్దీ లైన్ కుదురుకుంది. ప్లేఆఫ్స్ నాటికి కాలిన్స్ మోకాలు, కాపా చీలమండ, లెఫ్ట్ ట్యాకిల్ జోనా విలియమ్స్ మోకాలిచిప్ప పోయాయి. ముగ్గురు బదులు ఆటగాళ్లతో మంచులో బఫెలోని 27-10తో ఓడించింది, నిజమే. వారం తిరక్కుండా చీఫ్స్ ఆ లొసుగు పట్టుకుంది. బరో ఐదు శాక్‌లు, 23-20, సీజన్ అక్కడితో ఆఖరు.

ఐదుగుర్ని కొన్నామని ఊరుకోకూడదు, ఏడుగుర్ని సిద్ధం చేసుకోవాలి. ఆట రోజున 47 మందికి బదులు 48 మందిని దించుకోవాలంటే వాళ్లలో కనీసం ఎనిమిది మంది అఫెన్సివ్ లైన్‌వాళ్లు ఉండాలని నిబంధన. ఆరోవాడు రెండు చివర్లా ఆడగల ట్యాకిల్ కావాలి. ఏడోవాడు సెంటర్, గార్డు రెండూ తెలిసినవాడు కావాలి.

లక్షణం: లైన్ కుదిరింది, డబ్బు అయిపోయింది

డ్రాఫ్ట్‌లో చౌకగా దొరికినవాళ్లంతా నాలుగో ఏడాది ఒకేసారి బిల్లు పంపుతారు. 226వ పిక్ ట్రే స్మిత్‌కి 2025లో నాలుగేళ్లకు 9.4 కోట్ల డాలర్లు ఇవ్వాల్సి వచ్చింది. హంఫ్రీకి అంతకుముందే 7.2 కోట్లు. అందుకే తూనీ షికాగోకి వెళ్లాడు, వచ్చింది ఒక నాలుగో రౌండ్ పిక్. ముగ్గుర్నీ ఉంచుకోలేరని 2023 నుంచే తెలుస్తూనే ఉంది.

ఇలా వదులుకోవాల్సి వచ్చేవాళ్లలో ఒకణ్ణి ఒప్పందం ముగిసేదాకా ఆడించి మార్చిలో వెళ్లనిస్తే మరో లాభముంది. మీరు చేర్చుకున్నవాళ్లకన్నా పోగొట్టుకున్నవాళ్లు ఎక్కువైతే లీగ్ మరుసటి ఏడాది అదనపు డ్రాఫ్ట్ పిక్ ఇస్తుంది. వేరే టీమ్ విడుదల చేసినవాణ్ణి తెచ్చుకుంటే అది ఈ లెక్కలోకి రాదు. డ్రాఫ్ట్ ముగిసిన కొద్దిరోజులకు ఆ ఖాతా మూసేస్తారు. ఆ తర్వాత ఎవర్ని తెచ్చుకున్నా పిక్ చెడదు. బెంచి మీద కూర్చోబెట్టుకోవాల్సిన ఆరోవాణ్ణి, అనుభవమున్న ట్యాకిల్‌ని, మార్చి మొదటి వారంలో పోటీపడి కొనకుండా మే నెలలో ఫోన్ చేయండి. ధర కూడా అప్పటికి దిగివస్తుంది.