క్రాలర్ పల్టీలు, విరిగే యాక్సిల్స్: బరువు ఎక్కడ పెట్టాలి, ఏ పార్ట్‌కి ఏ మెటల్

క్రాలర్ అంటే రిమోట్‌తో నడుపుతూ రాళ్ళెక్కించే బొమ్మ బండి. అది రాయి ఎక్కట్లేదు అనగానే చాలామంది ఇత్తడి పార్ట్స్ ఆర్డర్ పెట్టేస్తారు. అంతకన్నా ముందు ఒక కిచెన్ స్కేల్ తెచ్చుకోండి, 5 కేజీలు తూగేదైతే చాలు. బాడీ, బ్యాటరీ అన్నీ పెట్టేసి ముందు చక్రాలు రెండూ స్కేల్ మీద ఉంచండి, వెనక చక్రాల కింద స్కేల్ అంత ఎత్తుకి పుస్తకాలో చెక్కో పెట్టండి (ఎత్తు తేడా ఉంటే రీడింగ్ తప్పొస్తుంది), బండిని ఒకసారి కిందకి నొక్కి వదిలి షాక్స్ కుదురుకున్నాక అంకె రాసుకోండి. తర్వాత తిప్పి వెనకది కూడా తూచండి. 1/10 సైజు (అసలు బండిలో పదో వంతు) బండి మొత్తం 2.5 కేజీలు ఉందనుకుంటే ముందు 1375 నుంచి 1500 గ్రాములు ఉండాలి, అంటే 55 నుంచి 60 శాతం. ఈ అంకె చేతిలో లేకుండా కింద రాసినవేవీ మొదలుపెట్టకండి, దండగ.

సమస్య: ఏటవాలు ఎక్కుతుంటే ముందు చక్రాలు లేచి వెనక్కి పల్టీ

కారణం రెండింట్లో ఒకటి, బరువు వెనక ఉండటం లేదా పైన ఉండటం. అందరికీ మొదటిదే గుర్తొస్తుంది, రెండోదాన్ని వదిలేస్తారు. లెక్క చూడండి. వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 313 మిల్లీమీటర్లు, బరువు సగం సగం, గురుత్వ కేంద్రం నేల నుంచి 100 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే బండి దాదాపు 57 డిగ్రీల దగ్గర వెనక్కి పడుతుంది. బరువు 60 శాతం ముందుకి తెస్తే అది 62 అవుతుంది. బరువు అలాగే సగం సగం ఉంచి కేంద్రాన్ని 20 మిల్లీమీటర్లు కిందకి దించినా ఇంచుమించు 63 వస్తుంది! ఇది కదలని బండి లెక్క, నిజంగా ఎక్కేటప్పుడు వెనక షాక్స్ కుంగుతాయి కాబట్టి ఇంకా ముందే పడిపోతుంది, కానీ పోలికకి ఇది చాలు.

కాబట్టి మొదటి పని పైనున్నది తీసేయడం. రూఫ్ ర్యాక్, దాని మీద డబ్బాలు, స్పేర్ టైర్, లోపల డ్రైవర్ బొమ్మ, ఇవన్నీ ఫొటోల్లోనే బాగుంటాయి. తర్వాత బ్యాటరీ. 250 గ్రాముల బ్యాటరీని 150 మిల్లీమీటర్లు ముందుకి జరిపితే ఒక్క గ్రాము కొత్త బరువు లేకుండానే దాదాపు 120 గ్రాములు వెనక యాక్సిల్ నుంచి ముందు యాక్సిల్ మీదకి వచ్చేస్తుంది, దానికి ఒక ట్రే, రెండు స్క్రూలు తప్ప ఖర్చేం లేదు. ఇవి రెండూ అయ్యాక కూడా స్కేల్ 55 చూపించకపోతే అప్పుడు ఇత్తడి, అది కూడా ముందు యాక్సిల్‌కి మాత్రమే.

సమస్య: పక్కవాటు రాయి మీద దొర్లిపోవడం

ముందుదాని చుట్టమే ఇది, ఎత్తే కారణం. యాక్సిల్ మీద, చక్రాల్లో పెట్టిన బరువు స్ప్రింగుల కింద ఉంటుంది కాబట్టి బాడీ ఒరిగినా అది ఒరగదు, షాక్ స్ప్రింగులు మార్చే పని కూడా రాదు. అదే 100 గ్రాములు ఛాసిస్ మీద అంటిస్తే బండి కుంగుతుంది, గట్టి స్ప్రింగ్ వెయ్యాలి, ఆర్టిక్యులేషన్ (చక్రాలు రాయిని బట్టి పైకీ కిందకీ కదలడం) పోతుంది. చక్రంలో పెట్టాలా నకిల్ (చక్రాన్ని పట్టి ఉంచే స్టీరింగ్ భాగం) మీద పెట్టాలా అంటే నేనైతే నకిల్ అంటాను. చక్రం గాల్లో తిరిగి ఒక్కసారిగా రాయిని పట్టుకున్నప్పుడు లోపలున్న బరువు దెబ్బంతా షాఫ్ట్ జాయింట్ మీద పడుతుంది, నకిల్ మీది బరువు తిరగదు కాబట్టి ఆ గొడవ లేదు.

ఎప్పుడూ ఒకే వైపుకి దొర్లుతుంటే మాత్రం కుడి ఎడమలు విడిగా తూచండి, బ్యాటరీ ఒక పక్కకి ఉండి ఉంటుంది. థ్రాటిల్ ఇచ్చినప్పుడే బాడీ ఒక పక్కకి మెలి తిరిగితే అది బరువు కాదు, టార్క్ ట్విస్ట్. పోర్టల్ యాక్సిల్ బండ్లలో (టీఆర్‌ఎక్స్-4 లాంటివి) గేర్ రిడక్షన్ కొంత చక్రం దగ్గరే జరుగుతుంది కాబట్టి డ్రైవ్‌షాఫ్ట్ మీద లోడు తగ్గి ఇది తక్కువగా ఉంటుంది.

సమస్య: ముందు యాక్సిల్ షాఫ్ట్ మాటిమాటికీ విరగడం

విరిగిన ముక్క పారేయకండి, వెలుతురులో తిప్పి చూడండి. జాయింట్ దగ్గర కప్పు చెవులు విచ్చుకుని ఉంటే స్టీరింగ్ పూర్తిగా తిప్పి థ్రాటిల్ కొట్టారన్నమాట, ఆ కోణంలో జాయింట్ కుదురుగా తిరగలేదు. ట్రాన్స్‌మిటర్‌లో ఎండ్ పాయింట్ (స్టీరింగ్ ఎంతవరకు తిరగాలో చెప్పే సెట్టింగ్) కొంచెం తగ్గించండి, డాగ్‌బోన్ (రెండు చివర్లా పిన్ను ఉండే కడ్డీ) ఉంటే యూనివర్సల్ జాయింట్ రకానికి మారండి. షాఫ్ట్ కడ్డీయే మెలిపడి ఉంటే మెటల్ మెత్తనిది, గట్టిపరిచిన స్టీల్ వెయ్యాలి.

ఇక్కడే మెటల్ విషయం తేల్చుకోవాలి. ఘన సెంటీమీటరుకి అల్యూమినియం 2.7 గ్రాములు, స్టీల్ 7.8, ఇత్తడి దాదాపు 8.5, టంగ్‌స్టన్ 19.3. ఇత్తడి బలం కోసం కాదు, బరువు కోసం. నకిల్స్, సీ-హబ్ (నకిల్‌ని యాక్సిల్‌కి పట్టి ఉంచేది), డిఫ్ (యాక్సిల్ మధ్యలోని గేర్ల పెట్టె) కవర్, పోర్టల్ కవర్, ఇవి ఇత్తడి అయితే హాయి. షాఫ్ట్, పినియన్ (చిన్న గేరు), రింగ్ గేర్ (అది తిప్పే పెద్ద గేరు), పిన్నులు మాత్రం స్టీలే. అల్యూమినియం తేలికగా, కొలతలో కచ్చితంగా ఉంటుంది, కాబట్టి బలం కావాలి కానీ బరువు వద్దనుకునే వెనక యాక్సిల్‌కి, పై లింకులకి (యాక్సిల్‌ని ఛాసిస్‌కి కలిపే కడ్డీలు) బాగుంటుంది. రాతికి రాసుకునే కింది లింకులకి మాత్రం వద్దు, గీతలు పడి రాయిని పట్టేసుకుంటుంది, అక్కడ స్టీల్ గానీ టైటానియం గానీ జారిపోతాయి. వెనక యాక్సిల్ ప్లాస్టిక్‌గానే వదిలేసినా నష్టం లేదు, విరిగే దాకా మార్చకండి.

సమస్య: లోడు పడగానే డిఫ్‌లో టిక్ టిక్ శబ్దం

ప్లాస్టిక్ హౌసింగ్ వంగి రింగ్, పినియన్ పళ్ళు దూరం జరిగి జారుతున్నాయి. విప్పి బేరింగులు ఊగుతున్నాయేమో చూడండి, షిమ్ (పల్చటి వాషర్) వేసి సందు తగ్గించండి, చేత్తో తిప్పితే ఎక్కడా పట్టెయ్యకూడదు. అయినా తగ్గకపోతే అప్పుడు మెటల్ హౌసింగ్. అన్నట్టు మెటల్‌లోకి పోయే స్క్రూలకి థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులవకుండా పూసే జిగురు) తప్పనిసరి, ప్లాస్టిక్‌లోకి పోయేవాటికి వద్దు, కొన్ని ప్లాస్టిక్‌లని అది పగలగొడుతుంది.

సమస్య: ఇత్తడి వేశాక స్టీరింగ్ తిరగట్లేదు, లైట్లు మిణుకుమంటున్నాయి

సర్వో (స్టీరింగ్ తిప్పే చిన్న మోటార్) చాలట్లేదు. చక్రాలు గాల్లో బాగా తిరిగి నేల మీద ఆగిపోతూ సర్వో గుర్రుమంటుంటే టార్క్ తక్కువ. లైట్లు మిణుక్కుమని రిసీవర్ ఆగి మళ్ళీ ఆన్ అవుతుంటే కరెంట్ సరిపోవట్లేదు, విడిగా బీఈసీ (బ్యాటరీ వోల్టేజ్ తగ్గించి ఇచ్చే సర్క్యూట్) పెట్టి సర్వోకి నేరుగా ఇవ్వండి, వోల్టేజ్ మాత్రం సర్వో తట్టుకునేంతే.

సమస్య: దిగుతున్నప్పుడు వెనక చక్రాలు లేవడం, మోటార్ కాలిపోవడం

వెనక చక్రాలు లేస్తుంటే ముందు బరువు అతి అయింది, 60 దాటిందేమో తూచి కొంచెం తీసేయండి. బండి తనంతట తానే జారిపోతుంటే ఈఎస్‌సీలో (మోటార్ వేగాన్ని నియంత్రించే సర్క్యూట్) డ్రాగ్ బ్రేక్ (థ్రాటిల్ వదలగానే పడే బ్రేక్) పెంచండి. మోటార్ వేలు పెట్టలేనంత వేడెక్కితే మోటార్ మీది పినియన్ ఒకటి రెండు పళ్ళు చిన్నది వేసి, కాసేపు నడిపి మళ్ళీ ముట్టుకుని చూడండి.