కుందేలుకు దాణా తగ్గించేటప్పుడు వచ్చే తిప్పలు: ఎందుకొస్తాయి, ఎట్లా సరిచేయాలి

గుళికల దాణా ఫారాల్లో కుందేళ్లు తొందరగా బరువెక్కడానికి వాడేది. ఇంట్లో ఏడెనిమిదేళ్లు బతకాల్సిన జీవానికి ఆ లెక్క పనికిరాదు. పెద్ద కుందేలు తిండిలో 80 శాతం పైనే గడ్డి ఉండాలి. దాణా ఒంటి బరువు కిలోకు రోజుకు 20 గ్రాములు చాలు, ఎంత కాదన్నా 25 దాటొద్దు. మన దగ్గర ఎక్కువగా కనిపించే తెల్ల న్యూజిలాండ్ రకం 4 కిలోలు తూగితే 80 గ్రాములన్నమాట. పిడికిలి లెక్క నమ్మకండి, కాంటా మీద తూచి పెట్టండి. ఆరు నెలల లోపు పిల్లలకు మాత్రం ఈ కోత పెట్టొద్దు.

పొద్దున బోనులో నల్లటి జిగట పెంట, వెనక బొచ్చుకు అంటుకొని ఉంటోంది

చాలామంది దీన్ని విరేచనాలనుకొని గడ్డి ఆపేసి దాణా పెంచుతారు. సరిగ్గా తలకిందుల వైద్యం అది. కుందేలు రెండు రకాలుగా విసర్జిస్తుంది. ఒకటి గుండ్రటి పొడి పెంటికలు. రెండోది చిన్న ద్రాక్షగుత్తిలా నిగనిగలాడే మెత్తటి ముద్ద. దీన్ని కింద పడనీయకుండా నోటితో అందుకొని తినేస్తుంది, బి విటమిన్లు దానికి అందులోనే దొరుకుతాయి. దాణాలోని పిండిపదార్థం, ప్రోటీన్ ఎక్కువైతే ఆ ముద్ద మిగిలిపోతుంది, పలచబడుతుంది. ఒళ్లు బలిసి వంగలేకపోయినా అంతే.

ఇప్పుడు రోజుకు 160 గ్రాములు పెడుతున్నారనుకుందాం. వారానికి 20 గ్రాముల చొప్పున తగ్గిస్తే నాలుగు వారాల్లో 80కి వస్తుంది. ఒక్కసారే కోస్తే పేగుల్లోని సూక్ష్మజీవులు తట్టుకోలేవు. దాణాను పొద్దున సగం, సాయంత్రం సగం పెట్టండి. బిస్కెట్లు, అన్నం, అరటిపండు మొదటి రోజే బంద్. వారానికోసారి తట్టలో కూర్చోబెట్టి తూచండి. వారంలో 100 గ్రాములకు మించి తగ్గితే ఆ వారం కోత ఆపి, గడ్డి నిజంగా తింటోందా చూడండి. అంటుకున్న బొచ్చును గోరువెచ్చని నీళ్లలో తడిపిన గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. వానాకాలంలో అక్కడ ఈగ గుడ్లు పెడితే ఒక్క రోజులోనే పురుగు పడుతుంది.

నీళ్లలా పోతుంటే అది వేరే కథ. మూడు నెలల లోపు పిల్లకైతే అదే రోజు పశువుల ఆసుపత్రికి తీసుకుపోవాల్సిందే.

దాణా తగ్గించినా గడ్డి ముట్టడం లేదు

ముందు గడ్డిని మీరే వాసన చూడండి. దుమ్ము, ముక్కిపోయిన వాసన ఉంటే కుందేలు తినదు, తినకపోవడమే మంచిది. గరికను పూత రాకముందే కోసి, నీడలో పలచగా పరిచి, రోజుకు రెండుసార్లు తిరగేస్తే మూడు నాలుగు రోజుల్లో పచ్చదనం పోకుండా ఎండుతుంది. మే నెల ఎండలో వేస్తే తెల్లగా పెళుసై రుచి పోతుంది. పచ్చిగడ్డినైతే కోసిన వెంటనే పెట్టాలి. కుప్పలో వేడెక్కిన గడ్డి కడుపు ఉబ్బరిస్తుంది.

వరిగడ్డి మిర్యాలగూడ వైపు కావలసినంత దొరుకుతుంది, నమలడానికి, కింద పరచడానికి బాగుంటుంది గానీ దానిమీదే బతకనిస్తే చిక్కిపోతుంది. పాలమూరు జొన్న చొప్ప బాగా ఎండింది పెట్టొచ్చు. మోకాలెత్తు దాటని పచ్చి జొన్న, కోత తర్వాత వచ్చిన పిలకలు, వానల్లేక వాడిన పైరు పెట్టకండి, వాటిలో సయనైడ్ విషం ఉంటుంది. పత్తి చేల గట్ల మీద మందు కొట్టాక గడ్డి కోయొద్దు. మోపులో వయ్యారిభామ ఉంటే ఏరేయాలి.

ఇంకో తప్పు: గేదెలకు చేసినట్టు గడ్డిని మిషన్‌లో ముక్కలు కొట్టి పెట్టడం. పొడవుగానే ఉండనివ్వండి. నేలమీద వేస్తే ఉచ్చ పడుతుంది కాబట్టి, దాని తల ఎత్తులో అందేలా జాలీకి కట్టండి. ఎక్కువగా తినేది చీకటి పడే వేళ, తెల్లవారుజామున. ఎండాకాలంలో పగలు తినకపోతే కంగారు వద్దు. బోనుకు తడి గోనెసంచి కట్టి, గడ్డి సాయంత్రం పెట్టండి.

పెంటికలు చిన్నవై నల్లగా గట్టిపడ్డాయి, లేదా వెంట్రుకతో దండలా వస్తున్నాయి

పీచు తక్కువ, లేదా నీళ్లు తక్కువ. మంచి పెంటిక లేత గోధుమ రంగులో ఉంటుంది, వేళ్లతో నలిపితే గడ్డి పొట్టులా రాలుతుంది. నీళ్లకు సీసా బదులు బరువైన మట్టి మూకుడు పెడితే ఎక్కువ తాగుతాయి. నల్లగొండ వైపు ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు పోయకండి, మీరు తాగేవే పోయండి. బొచ్చు రాలే రోజుల్లో దువ్వాలి.

గడ్డం తడిసి ఉంటోంది, గట్టివి నోట్లోంచి జారుతున్నాయి

పళ్లు. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గడ్డిని అడ్డంగా నూరితేనే అరుగుతాయి, దాణా గుళిక రెండు కొరుకులకే పొడిపొడి అయిపోతుంది. పెరిగిన పన్నును గోళ్ల కత్తెరతో కత్తిరిస్తే నిలువునా చీలుతుంది. డాక్టర్ చేత అరగదీయించాలి.

ఉచ్చ సున్నం నీళ్లలా చిక్కగా ఉంది

తిండిలో కాల్షియం ఎక్కువైంది. లూసర్న్, దశరథ గడ్డి, మునగాకు, ఎండిన పల్లి తీగ రోజూ పెట్టే ఇళ్లలో ఇది మామూలు. పెద్ద కుందేలుకు వాటిని వారంలో ఒకటి రెండుసార్లు గుప్పెడుకు తగ్గించండి. ఆకుకూరల్లో కొత్తిమీర, పుదీనా నిశ్చింతగా పెట్టొచ్చు. పాలకూర, పుంటికూర అరుదుగా. సుబాబుల్ అసలే వద్దు, బొచ్చు రాలుతుంది. ఎర్రటి ఉచ్చ చాలాసార్లు తిన్న ఆకుల రంగే. ఆకులు ఆపిన రెండు రోజులకూ ఎర్రగానే ఉంటే, లేదా ముక్కుతూ పోస్తుంటే చూపించండి.

అసలేమీ తినడం లేదు, పెంటికలు ఆగిపోయాయి

పన్నెండు గంటలు దాటితే రేపటి దాకా ఆగొద్దు. పేగుల కదలిక ఆగిపోయి ఉంటుంది. పొట్ట డోలులా బిగిసి ఉంటే నోట్లో బలవంతంగా ఏదీ పోయకండి. మీ పిల్లలకు డాక్టర్ రాసిచ్చిన అమాక్సిసిలిన్ (యాంటీబయాటిక్) సిరప్ ఇంట్లో ఉందని పట్టించొద్దు. కుందేలు పేగుల్లో పనికొచ్చే సూక్ష్మజీవులను అది చంపేస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఆసుపత్రికి పోయేటప్పుడు నిన్నటి పెంటికలు నాలుగు కవర్లో వేసుకొని, ఏ గడ్డి, ఎన్ని గ్రాముల దాణా పెట్టారో రాసుకొని పోండి.